ఎడమ నుంచి మూడో ఆమె

శుక్రవారం పొద్దున ఆఫీసులో హాజరు పుస్తకంలో సంతకం పెడుతుంటే అత్తమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ లేస్తలేడు" అన్నది. "గట్టిగ ఊపి లేపు అత్తమ్మా" అన్నాను. "ఊపిన బిడ్డా. సల్లగున్నడు" అన్నది. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. సైదాబాద్ నుంచి చాంద్రాయణగుట్టకు ఆటోలో వెళ్లినంతసేపూ అటు ఆమె ఊపిరి తీస్తుంటే వింటూనే ఉన్నాను. మా మేనమామ పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు.

ఈ పత్రికలో నెలనెలా నేను రాసే పాత సినిమా డిస్కుల ముచ్చట్లు చదివేవాళ్లకు మామ కొత్త కాదు. ప్రతి వ్యాసంలోనూ ఎక్కడో ఓ చోట "మా మామ అన్నట్టు" అని వస్తుంది. కొత్తగా చదివేవాళ్ల కోసం చెప్తాను. నాది కరెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మిగిలిన టైంలో పాత, చవక సైన్సు సినిమాలకు ఎక్కడ మంచి కాపీ దొరుకుతుందో వెతుకుతుంటాను. రేకు రాకెట్లు, రబ్బరు రాక్షసులు, వెండి కాగితం చుట్టుకున్న చంద్రలోకం మనుషులు ఉంటారే, ఆ సినిమాలు. ఏ కంపెనీ అసలు నెగటివ్ తెచ్చి డిస్కు చేసింది, ఏది పాత వీడియో టేపులోంచి ఎత్తేసి అట్ట మీద పెద్ద అక్షరాలతో 'డిజిటల్' అని అచ్చు వేసింది, అదీ నేను రాసేది. ఇంటి పనీ ఆఫీసు పనీ ఉన్న ఆడమనిషికి ఈ పిచ్చి ఎక్కడిదమ్మా అని ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. ఏదో నవ్వులాటగా జవాబిచ్చి తప్పించుకున్నాను. ఇవాళ తప్పించుకోను. ఇది నివాళి అనుకునే మొదలుపెట్టాను, మధ్యలో తిట్లు వస్తే ఏమీ అనుకోవద్దు.

నాకు మూడేళ్లప్పుడు మా అమ్మ జ్వరంతో పోయింది. నాన్న ఏడాది తిరగకుండా మళ్లీ పెళ్లి చేసుకొని నిజామాబాద్ వెళ్లిపోయాడు. అమ్మ ఫొటో ఒకే ఒక్కటి ఉండేది, పెళ్లిది. అది ఆయనతోపాటు వెళ్లింది. పెద్దయ్యాక అడిగితే ట్రంకు పెట్టెలోకి వాన నీళ్లు పోయి ముద్దయిపోయిందన్నారు. కాబట్టి అమ్మ ముఖం నాకు గుర్తులేదనడం కూడా సరైన మాట కాదు. నాకు తెలియదు, అంతే. నన్ను మేనమామ తీసుకొచ్చి పెంచుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లకు అత్తమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమె కూడా మా అమ్మను చూడలేదు. వాళ్లకు పిల్లలు కలగలేదు, నేనే వాళ్ల బిడ్డనయ్యాను.

మామది పాల వ్యాపారం చేసిన కుటుంబం. తాత బతికున్నన్నాళ్లూ మొఘల్‌పురాలో బర్రెలుండేవి. ఆయన పోయాక మామ బర్రెలు అమ్మేసి చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర క్యాసెట్ల దుకాణం పెట్టాడు. ఆయనకు సినిమాలంటే ప్రాణం, అందులోనూ ఎవరూ పట్టించుకోని ఆకాశం సినిమాలంటే మరీను. దుకాణంలో వాటికి విడిగా ఒక అర ఉండేది. కిరాయికి తీసుకునేవాళ్లు ఏడాదికి పది మంది ఉంటే ఎక్కువ. "గిది పైసల్లేనోళ్ల ఆకాశం బిడ్డా" అనేవాడు. రాకెట్టుకు కట్టిన తాడు తెర మీద కనబడి నేను పకపకా నవ్వితే మెల్లగా మందలించేవాడు. "తాడు కనబడ్తె కనబడనీ. రాకెట్ పైకి పోయిందా లేదా, గది చూడు." ఈ మాట నేను వ్యాసాల్లో కనీసం ఆరుసార్లు వాడుకున్నాను.

రెండో తరగతిలో టీచరు అమ్మ బొమ్మ గీయమన్నది. చీర గీశాను, గాజులు గీశాను, జడ గీశాను, ముఖం దగ్గర ఆగిపోయాను. ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా ఏడ్చాను. అత్తమ్మ సముదాయించింది, బెదిరించింది, చివరికి ఆమె కూడా ఏడ్చింది. మామ దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఈ లొల్లి చూసి, "ఏడ్వకు బిడ్డా. మీ అమ్మ సినిమాల ఉన్నది. చూపిస్త" అన్నాడు. నేను ఏడుపు ఆపేశాను.

ఆయన చెప్పిన కథ ఇది. అమ్మకు ఇంకా పెళ్లి కాని రోజుల్లో బొంబాయి నుంచి ఓ చిన్న కంపెనీ వచ్చి, అప్పటికి ఊరి చివరన్నట్టుండే చాంద్రాయణగుట్ట అవతలి బండల మధ్య హిందీ సినిమా తీసింది. ఆ బండలే చంద్రలోకం. రాకెట్టును నీళ్ల డ్రమ్ముల రేకుతో చేశారు, స్కూటర్ హెల్మెట్లకు వెండి రంగు పూశారు. మామ రోజూ సైకిల్ మీద వెళ్లి వాళ్ల చాయ్‌కి పాలు పోసి వచ్చేవాడు. ఓ రోజు చంద్రలోకపు ఆడవాళ్ల వేషానికి ఒక మనిషి తక్కువైతే చెల్లెల్ని తీసుకుపోయాడట. ఎనిమిది మంది ఆడవాళ్లు వెండి రంగు బిందెలు ఎత్తుకొని బండల మధ్య నడుస్తారు. ఎడమ నుంచి మూడో ఆమె ఒక్కసారి ఇటు తిరిగి నవ్వుతుంది. అదంతా నాలుగు సెకన్లు. ఆ రాత్రే దుకాణం నుంచి టేపు తెచ్చి వేశాడు.

"గదో, గామెనే. చూసినవా?"

"మల్లొకసారి మామా."

తొమ్మిదిసార్లు వేశాడు. తొమ్మిదోసారి నేను తెరకు ముక్కు ఆనించి అడిగాను. "మామా, అమ్మకు పన్ను మీద పన్ను ఉండెనా?"

మామ కూడా వంగి చూశాడు. "ఉండె బిడ్డా" అన్నాడు. ఆ వారమంతా నాలుకతో నా పళ్లు తడుముకుంటూ తిరిగాను. టీచరుకు కొత్త బొమ్మ గీసిచ్చాను. అందులో అమ్మ నెత్తిన బిందె కూడా పెట్టాను.

మా దిక్కు పెత్తరమాసకు పెద్దలకు బియ్యమిస్తారు. పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి, వాళ్లకు ఇష్టమైనవి వండుకు తింటారు. మా ఇంట్లో దానికి ఇంకోటి కలిసింది. బియ్యమిచ్చి, చిక్కుడుకాయ కూరతో భోజనం అయ్యాక, మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి మామ ఆ టేపు వేసేవాడు. ఇలాంటి ఆచారం మా చుట్టాల్లో ఎవరికీ లేదు, ప్రపంచంలో ఇంకెవరికైనా ఉంటుందని నేననుకోను. తెర మీద రాక్షసుడు రబ్బరు తోక ఈడ్చుకుంటూ తిరుగుతుంటే మేం ముగ్గురం గుళ్లో కూర్చున్నట్టు కూర్చునేవాళ్లం. మామ పల్లీలు వలిచి నా అరచేతిలో పెట్టేవాడు, తను ఒక్కటీ తినేవాడు కాదు. ఆ నాలుగు సెకన్లు వచ్చేసరికి అత్తమ్మ కొంగు తల మీదికి లాక్కునేది.

ఇక్కడ దుకాణం పని గురించి కొంచెం చెప్పాలి. కొత్త సినిమా వస్తే మామ మొదటి టేపును బీరువాలో పెట్టేసేవాడు. కిరాయికిచ్చేవన్నీ దాని మీంచే తీసేవాడు. కాపీ మీంచి కాపీ తీస్తే బొమ్మ పాడవుతుంది, దాని మీంచి ఇంకోటి తీస్తే ఇంకా పాడవుతుంది. అలా తీసి ఇచ్చే దుకాణాలవాళ్లను "జనాలకు మసి చూపిస్తున్రు" అని తిట్టేవాడు. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి, పాత బనియన్ ముక్కను స్పిరిట్‌లో తడిపి హెడ్ తుడవడం నాకు పదేళ్లకే నేర్పాడు. "కాపీ మీంచి కాపీ తియ్యొద్దు బిడ్డా, అది పాపం" అనేవాడు, అంత పెద్ద మాట.

అమ్మ టేపును మాత్రం ప్రతి ఏడూ పెత్తరమాసకు ముందు ఇంకో టేపు మీదికి ఎక్కించేవాడు. "పాతది బూజు పడ్తది. ఫికర్ జెయ్యకు, కొత్తదాంట్ల పెడుతున్న" అనేవాడు. పక్క ఏడు దాని మీంచి ఇంకోటి. మూడో ఏటికి పన్ను మీది పన్ను పోయింది. ఏడో ఏటికి ముక్కు పోయింది. నేను ఇంటర్‌లో చేరేసరికి తెల్లటి గుడ్డు లాంటిది ఒకటి ఇటు తిరిగేది, నవ్విందని నేననుకునేదాన్ని. టేపులు పాతబడితే అంతే కాబోలని సరిపెట్టుకున్నాను. నియమం నాకు తెలుసు, ఆ హెడ్లు తుడిచింది కూడా నేనే, అయినా ఎందుకిలా అని ఒక్కసారీ అడగలేదు. మామ చేస్తుంటే అడిగేదేముంటుంది.

పెళ్లయ్యాక ఓ కంప్యూటర్ సెంటర్‌లో టేపులోంచి ఆ బొమ్మను తీయించి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి మా హాల్లో పెట్టుకున్నాను. బొట్టు పెట్టి దండ వేశాను. "ఇందుల మీ అమ్మ ఏ దిక్కున్నది?" అని అడిగినందుకు మా ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. కానీ అడిగింది సబబే. నాకు కూడా సరిగ్గా కనబడేది కాదు. అప్పట్నుంచీ నాకు పట్టిందే ఈ మంచి కాపీల పిచ్చి. నాకు కావలసింది ఒక్కటే, అమ్మ ముఖం ఒకసారి సాఫీగా చూడాలి.

ఎంత తిరిగామో లెక్కలేదు. వీసీడీలు వచ్చిన రోజుల్లో జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల కుప్పలు తిరగేసి ఆ సినిమా పట్టుకున్నాను. వేస్తే ముఖాలన్నీ చిన్న చిన్న గళ్లు. డీవీడీ వచ్చింది. వెడల్పు టీవీలకు సరిపోవాలని పైనా కిందా కోసేశారు, బిందెలతోపాటు తలలు సగం పోయాయి. ఇంకో కంపెనీ మరకలు తుడుస్తున్నామని చెప్పి ముఖాలను మైనం ముద్దలు చేసి పెట్టింది. ప్రతిసారీ మామ పక్కనుండేవాడు. డిస్కు ముందు తనే వేసి చూసి, "ఉన్నదానికంటె అధ్వానమున్నది, నువ్వు చూడకు, మనసు ఖరాబైతది" అనేవాడు. నేను దిగులుపడితే, "యాడికి పోతది, దొరుకుతది బిడ్డా" అని పల్లీల పొట్లం విప్పేవాడు.

ఆ వెతుకులాటలోనే నాకు కళ్లొచ్చాయి, అది ఒప్పుకోవాలి. నెగటివ్ నుంచి వచ్చిన బొమ్మలో రవ్వలాంటి సన్నటి చుక్కలు ఎలా కదులుతాయో, టేపులోంచి వచ్చిన నలుపు ఎలా పాకుతుందో ఆయన వేలు పెట్టి చూపిస్తేనే తెలిసింది. ఎక్కడిదో తెలియని దేశపు సినిమాలో అట్టముక్కతో చేసిన నగరం కూలుతుంటే, అది చేసిన వడ్రంగిని మెచ్చుకునేవాడు. "గోడ ఎన్క నిలబడి ఎవడో దారం గుంజుతున్నడు సూడు, టైముకు గుంజిండు" అనేవాడు. నేను ఇవాళ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మనిషి పక్కన కూర్చోవడం వల్లే.

ఐదేళ్ల కింద ఒక సంగతి తెలిసింది. విదేశంలో ఓ చిన్న కంపెనీ ఇలాంటి దిక్కులేని సినిమాల నెగటివ్‌లనే వెతికి శుభ్రంగా డిస్కులు చేస్తుందని. ఈమెయిల్ రాస్తే పలకలేదు. కాగితం మీద ఉత్తరం రాశాను. షూటింగ్ ఎక్కడ జరిగింది, ఏ బండలు, ఎవరెవరు, మామ చెప్పినవన్నీ రాసి, ఎడమ నుంచి మూడో ఆమె మా అమ్మ అని కూడా రాశాను. మేం అప్పుడు ఇల్లు మారుతున్నాం కాబట్టి జవాబుకు దుకాణం అడ్రస్ ఇచ్చాను. మామ ముందే కవరు అతికించాను. ఆయన నీళ్లు తాగి, "మంచిగ రాసినవా?" అన్నాడు.

జవాబు రాలేదు. అప్పటికి దుకాణంలో క్యాసెట్లు పోయి సీడీలు వచ్చి, సీడీలు కూడా పోయి జిరాక్స్, రీచార్జీ మిగిలాయి. వెళ్లినప్పుడల్లా అడిగేదాన్ని. ఓసారి కొంచెం విసుక్కున్నాడు. "ఏం రాలె బిడ్డా. వస్తె దాస్కుంటనా?"

దాచుకున్నాడు. పదకొండో దినం అయ్యాక అత్తమ్మ తాళాలగుత్తి నా చేతికిచ్చి, "దుకాణం ఇగ ఎవరు నడుపుతరు, ఖాళీ చేద్దాం" అన్నది. ఇనుప బీరువాలో జిరాక్స్ కాగితాల కట్టల వెనక పాత టేపులు వరుసగా ఉన్నాయి. వీపుల మీద మామ చేతిరాతతో ఒకటి, రెండు, మూడు, అలా పన్నెండు దాకా. పన్నెండింటికీ కింద, అత్తమ్మ పాత రవిక గుడ్డలో చుట్టి, ఏ అంకే లేని టేపు ఇంకోటి, మొట్టమొదటిది. దాని కింద విదేశీ స్టాంపుల కవరు. కవరు మీద నా పేరు. ఎవరో చింపినట్టు కాదు, కత్తెరతో అంచు నీటుగా కోసి ఉంది. నాలుగేళ్ల కిందటి ముద్ర.

లోపల డిస్కూ ఉత్తరమూ ఉన్నాయి. ఆ సినిమానే, విదేశాలకు అమ్మినప్పుడు పెట్టిన వేరే పేరుతో వేశారు. ఆ పేరు నాకు తెలియకపోవడం నా చేతకానితనం, ఇన్నేళ్లుగా మీకు డిస్కుల గురించి పాఠాలు చెప్పిన మనిషిని. కొన్నే వేశారట, అయిపోయాయట. ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. మీరు రాసిన బండల వివరాలు ఎంతో పనికొచ్చాయి, కృతజ్ఞతగా ఒక డిస్కు పంపుతున్నాం. అయితే మాకు దొరికిన జాబితా ప్రకారం ఆ ఎనిమిది మందీ బొంబాయి నుంచి వచ్చిన నాట్య బృందంవాళ్లు. ఎడమ నుంచి మూడో ఆవిడ ఇప్పుడు పూణేలో ఉంటున్నారు, మేం ఆవిడతో మాట్లాడాం. మీ అమ్మగారు బహుశా వేరే దృశ్యంలో ఉన్నారేమో, ఏ నిమిషంలో కనిపిస్తారో రాసి పంపితే డిస్కు వెంట వచ్చే పుస్తకంలో పేరు వేస్తాం.

మామ స్టూలు మీద కూర్చుని మూడుసార్లు చదివాను. బయట ఫ్లైఓవర్ మీద బస్సులు పోతున్నాయి. ఎవరో ఆధార్ కార్డు జిరాక్స్ కావాలని వచ్చి, నా ముఖం చూసి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం సైదాబాద్‌లో మా ఇంట్లో డిస్కు వేశాను. ఇంత మంచి కాపీ నేను చూసిన కొద్దివాటిలో ఒకటి, అది కూడా రాయకపోతే అన్యాయం. బండల మీద పగుళ్లు తెలిశాయి. హెల్మెట్ మీద రంగు పూసిన కుంచె గీతలు తెలిశాయి. ఎడమ నుంచి మూడో ఆమె ఇటు తిరిగింది. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, పన్ను మీద పన్ను. చాలా అందమైన మనిషి. ఎవరో నాకు తెలియదు.

మొదట ఏడుపు రాలేదు, సిగ్గేసింది. హాల్లో గోడకు ఫ్రేము. ఎక్కడో పూణేలో నిక్షేపంగా బతికున్న ఆడమనిషికి ఇరవై ఏళ్లుగా దండ వేసి, బొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగించాను. నా పెళ్లి అయ్యాక మొదటి చీర ఆమె ముందు పెట్టి కట్టుకున్నాను. నా కూతురు పుట్టినప్పుడు దాని నోట్లో పళ్లు వచ్చేదాకా ఆగి, పన్ను మీద పన్ను వస్తుందేమోనని చూశాను. రాకపోతే దిగులుపడ్డాను కూడా. ఎవరి పన్ను కోసం.

మర్నాడు అత్తమ్మ దగ్గరికి పోయి కవరు ఆమె ఒళ్లో పడేశాను. "నీకు ఎరుకేనా?"

ఆమె కవరు చూడలేదు. నన్నే చూసింది. "ఎరుకే బిడ్డా."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చిన్నపోరివి ఏడుస్తుంటె ఆయన నోట్లకెళ్లి ఎల్లిపోయింది గామాట. తెల్లారి నాతోని అన్నడు, తప్పయింది, ఎట్ల ఎన్కకు తీస్కోవాలె అని. నువ్వేమో పండ్లు తడుముకుంట సంబురంగ తిరుగుతున్నవు. ఇగ ఏం తీస్కుంటడు."

"నిజంగ అమ్మ షూటింగ్‌కు పోలేదా?"

"పోతనని కాళ్లు మొక్కిందట. మీ తాత పోనియ్యలేదట. తీస్కపోతె ఒక్క బొమ్మన్న మిగులుతుండె గద అని ఆయనకు గదే రంది."

"మరి టేపు మీద టేపు ఎందుకు ఎక్కించిండు?"

అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు పెద్దగైతున్నవు. ఎవరన్న చూసి గామె కాదంటరేమోనని బుగులు. మొఖం కనబడకుంటె ఎవరమ్మైన కావొచ్చు అన్నడు."

ఎంత ఆలోచించి చేశాడు చూడండి. చేతకానివాళ్ల పనిని నియమంగా, ఏటా ఒకసారి, హెడ్ శుభ్రంగా తుడిపించి మరీ చేశాడు. తుడిచింది నేను. నాతో కలిసి వెతుకుతూ, దొరకకూడదని కోరుకున్నాడు. కవరు వచ్చాక కూడా నాలుగు పెత్తరమాసలు నా పక్కన కూర్చుని, అరచేతిలో పల్లీలు పెట్టి, దొరుకుతది బిడ్డా అన్నాడు. కొంగు కప్పుకున్న అత్తమ్మను కూడా నేను అంత తేలిగ్గా వదలను. "నువ్వన్న చెప్పొద్దా?" అని అరిచాను. "చెప్తె నీకు అమ్మ మల్ల సచ్చిపోతది గద బిడ్డా" అన్నది. అయినా కోపం తగ్గలేదు.

పిల్ల ఏడుపు ఆపడానికి ఆడిన అబద్ధాన్ని నేను క్షమించగలను. నేనూ పిల్లను పెంచాను. కానీ ఆ అబద్ధం నా దగ్గర్నుంచి ఏం తీసుకుపోయిందో మామ ఆలోచించలేదు. అమ్మ పక్కన పెరిగిన మనిషి ఆయన. నవ్వితే ఎలా ఉండేది, కోపం వస్తే ముఖం ఎటు తిప్పేది, చెవులు చిన్నవా పెద్దవా, అన్నీ ఆయనకు తెలుసు. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు. "టేపుల చూసినవ్ గద." ఆ ముఖాన్ని చూపిస్తే తన మాట తప్పవుతుంది, అందుకని అసలైన ముఖాన్ని ఒక్క మాటైనా చెప్పకుండా తనతోనే ఉంచుకుని, శుక్రవారం పొద్దున తీసుకుపోయాడు. ఇంక నేనెవరిని అడగాలి. మీరే చెప్పండి, నేనెవరిని అడగాలి.

"మొఘల్‌పురాల ఖాలా ఉన్నది గద" అన్నది అత్తమ్మ. తాతవాళ్ల పక్కింటి ముసలామె, పిన్నిని పిలిచినట్టు గల్లీ అంతా ఖాలా అనే పిలుస్తారు. అమ్మా మామా చిన్నప్పుడు ఆమె వాకిట్లోనే ఆడుకున్నారట. మామ ప్రతి రంజాన్‌కూ అక్కడికి వెళ్లి షీర్‌ఖుర్మా గిన్నెతో వచ్చేవాడు. నన్నెప్పుడూ తీసుకుపోలేదు. ఎందుకు తీసుకుపోలేదో ఇప్పుడు తెలిసింది.

ఖాలా మంచం మీద కూర్చుని మెంతికూర తుంచుతోంది. ఎనభై దాటి ఉంటాయి. మామ పోయిన సంగతి ఆమెకు తెలుసు. నేనెవరో చెప్తే నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది.

"తూ ఉసీచ్ కీ బచ్చీ నా, ఆమె బిడ్డవే గద. ఇంత పెద్దగైనవా."

"ఖాలా, మా అమ్మ ఎట్లుండేది?"

"ఎట్లుండేదంటె ఏంది? మంచిగుండేది."

"మొఖం ఖాలా. మొఖం ఎట్లుండేది?"

ఆమె తుంచడం ఆపి నన్ను వింతగా చూసింది. "నన్నెందుకు అడుగుతున్నవ్ బేటీ? మీ మామను చూల్లేదా? దోనోఁ కీ ఏకీచ్ షకల్, ఇద్దరిదీ ఒక్కటే మొఖం. మీసం పెడితె భాయ్, తీస్తె బెహెన్, అని గల్లీలందరం నవ్వుతుంటిమి. ఆయన నీకు చెప్పలే?"

"చెప్పలే ఖాలా."

"శరమ్ అయి ఉంటది, సిగ్గుపడ్డడేమో" అని ఖాలా మళ్లీ మెంతికూరలో పడింది.

అక్కడ్నుంచి సీదా చాంద్రాయణగుట్ట వెళ్లాను. ముందు గదిలో గోడకు మామ ఫొటో ఉంది. పోయిన ఏడు దుకాణం ముందు నా ఫోన్‌తో నేనే తీశాను. పొద్దుటి వెలుతురు, బాగా వచ్చింది, కనుబొమల వెంట్రుకలు కూడా తెలుస్తాయి. ఫొటో దించి ఒళ్లో పెట్టుకున్నాను. తిడదామనే వచ్చాను. దండ తీసి పక్కన పెట్టి, బొటనవేలు అడ్డంగా పెట్టి మీసం మూశాను.

కళ్లు కొంచెం లోపలికి ఉన్నాయి. చెంప ఎముకలు ఎత్తు. కింది పెదవి లావు. నలభై ఏళ్లకు పైగా నాకు అన్నం కలిపి పెట్టి, నా పక్కనే కూర్చుని, తెర దిక్కు చూడమన్న ముఖం. ఒక్కసారి, ఇటు చూడు బిడ్డా అని ఉంటే అయిపోయేది. అత్తమ్మ లోపల్నుంచి అన్నానికి పిలిచింది. వస్తున్నానన్నాను గానీ వేలు తీయలేదు.